లారీ ఆయిలు

నిరుడు ఆయుధ పూజ నాడు మా ఇంట్లో ఒక డబ్బా ఆయిలు దగ్గర చిన్న చిక్కు వచ్చింది. చూడబోతే చాలా చిన్న సంగతి. కాని దానివల్ల పద్నాలుగేళ్లుగా మా నాయన దగ్గర నేను దాచిన మాట ఒకటి బయటపెట్టవలసి వచ్చింది. లారీయో, ట్రాక్టరో ఉన్న ఇళ్లు మన సంఘంలో చాలానే ఉన్నాయి. అదే ఇళ్లలో పెట్రోలు కార్లూ, మోటారు సైకిళ్లూ ఉన్నాయి. కాబట్టి ఇది మా ఒక్క ఇంటి కథ కాదనిపించి రాస్తున్నాను.

మాది హోసూరు. ఉద్యోగం వల్ల నేను బెంగుళూరులో స్థిరపడినా, నలభై కిలోమీటర్ల దూరమే కనుక పండుగలన్నీ హోసూరు ఇంట్లోనే జరుపుకుంటాము. ఆయుధ పూజ సంగతి చెప్పనే అక్కరలేదు. మా నాయన 1968 నుంచి 2003 దాకా లారీలు పెట్టుకుని బ్రతికిన మనిషి. మాకు సంక్రాంతి ఎంతో, ఆయుధ పూజ అంతకంటే ఎక్కువ. ఆ రోజు పొద్దున్నే బండ్లన్నీ కడిగి వాకిట్లో వరుసగా నిలబెట్టాము. నాయన పాత అంబాసిడరు, తమ్ముడి బుల్లెట్టు, నా కారు, చివర మా అమ్మాయి కొత్తగా కొనుక్కున్న కారు. పసుపూ కుంకుమా పెట్టి, చామంతి దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాము. బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టడమే తరువాయి.

అప్పుడు నాయన లోపలికి వెళ్లి అయిదు లీటర్ల ఆయిలు డబ్బా తెచ్చాడు. పూజ రోజున బండి కడుపులో కొత్త ఆయిలు ఉండాలనేది ఆయన నియమం. ఇప్పుడు ఎనభై మూడేళ్లు. నడుము వంగింది గాని నియమం వంగలేదు. మనవరాలి కారుకు తన చేత్తో ఆయిలు పోయించాలని ఆశ. ఆ డబ్బాలో ఉన్నది డీజిలు లారీలకు పోసే ఆయిలు. మా అమ్మాయి కారు పెట్రోలుది.

"వద్దు తాతా. ఈ బండికి అది పోయకూడదు. పుస్తకంలో రాసి ఉంది" అంది అమ్మాయి మెల్లగా.

"పుస్తకం చూసి బండి నడపతావా పాపా? నేను ముప్పై అయిదేండ్లు లారీ ఆయిలే పోసినాను, పెట్రోలు బండికీ అదే. మన అంబాసిడరు చచ్చిందా? అదో, నిలబడి ఉండాది చూడు."

అమ్మాయి నా వైపు చూసింది. నాయన కూడా నా వైపే తిరిగాడు.

"నువ్వు చెప్పప్పా. నీ కారుకు ఇన్నేండ్లుగా ఇదే కదా పోస్తా ఉండావు?"

నా నోట మాట రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా చిన్నప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎప్పుడూ 210 లీటర్ల ఆయిలు పీపా ఒకటి ఉండేది. దాని మూతికి చేతితో తిప్పే పంపు. లారీకి ఆయిలు మార్చినప్పుడల్లా బకెట్ల కొద్దీ పోయాలి, డబ్బాలు కొంటే గిట్టదు. ఆ పంపు తిప్పడానికి నేనూ తమ్ముడూ పోట్లాడుకునేవాళ్లం. పీపా మీద ఒక ఇనుప కొలత పాత్ర, ఒక గరాటు, చేతులు తుడుచుకునే పాత పంచె ముక్క. అమ్మ ఎన్ని చీవాట్లు పెట్టినా ఆ వాసన మా బట్టల్ని వదిలేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా లారీ షెడ్డు పక్కగా నడిస్తే నాకు ఇల్లు గుర్తుకు వస్తుంది.

1984లో నాయన ఒక పాత అంబాసిడరు కొన్నాడు. పెట్రోలు బండి. దానికి విడిగా ఆయిలు డబ్బా కొనడం ఆయనకు ఇష్టం లేదు. "పీపా నిండా ఉండగా అంగట్లో ఎందుకు కొనాల?" అన్నాడు. మా లారీల పని చేసే మేస్త్రి కూడా తలూపాడు. ఆయన చెప్పిన సూత్రం నాకు ఇప్పటికీ గుర్తే. "లారీ ఆయిలు కారుకు పోస్తే కారుకేమీ కాదు. కారు ఆయిలు లారీకి పోస్తే మాత్రం లారీ పోతాది."

1996లో ఆ కారు ఇంజను హెడ్డు దించవలసి వచ్చింది. నేను దగ్గరే ఉన్నాను. మేస్త్రి ట్యాపెట్ల మూత తీసి, వేలితో లోపల రాసి, ఆ వేలు మా నాయనకు చూపించాడు. గుజ్జు లేదు, తారు లేదు. ఊళ్లో ఇతర పెట్రోలు కార్లను విప్పితే లోపల నల్లని జిగురు గరిటెతో తీయాల్సి వచ్చేదట. "అన్నా, ఈ ఇంజను కడిగినట్టుండాది" అన్నాడు మేస్త్రి. ఆ మాట మా నాయన ఆ తరువాత కనీసం వందమందికి చెప్పి ఉంటాడు.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేను తరువాత తెలుసుకున్న దాన్నిబట్టి అందులో మంచి శాస్త్రమే ఉంది.

డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కిపెడితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. అలా మండినప్పుడు మసి ఎక్కువ. ఆ మసిలో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిలులో కలుస్తుంది. పైగా మన దేశంలో 1990ల మొదట్లో డీజిలులో గంధకం ఒక శాతం దాకా ఉండేది. అది మండితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం బేరింగులను తింటుంది. అందుకే లారీ ఆయిలులో మూడు గుణాలు ఎక్కువగా పెడతారు. లోహానికి అంటుకున్న మురికిని కడిగేది ఒకటి. కడిగిన మసి ఒకచోట పేరుకోకుండా ఆయిలంతా పరచి ఉంచేది రెండోది. ఆమ్లాన్ని విరిచే క్షార గుణం మూడోది. లారీ ఆయిలు పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆయిలు చెడిపోయిందని కొందరు కంగారుపడతారు. నిజానికి అది తన పని తాను చేస్తోందన్నమాట.

ఇంతటి చాకలి గుణం ఉన్న ఆయిలును, మసి తక్కువగా పుట్టే పెట్రోలు ఇంజనులో పోస్తే లోపల శుభ్రంగా ఉండడంలో వింత ఏముంది? ఇంకో మేలు కూడా ఉంది. అంబాసిడరు వంటి పాత ఇంజన్లలో క్యామ్ షాఫ్టు మీది మిట్ట నేరుగా ట్యాపెట్టు ముఖం మీద రాసుకుంటుంది. మధ్యలో దొర్లే చక్రం ఉండదు. ఆ రాపిడి దగ్గర లోహం అరగకుండా కాపాడేది ఆయిలులో కలిపే జింకు, భాస్వరాల మందు. అది లోహం మీద సన్నని పొరలా అంటుకుంటుంది. లారీ ఆయిళ్లలో ఆ మందు దండిగా ఉంటుంది. పెట్రోలు ఆయిళ్లలోనూ అప్పట్లో చాలినంత ఉండేది గాని, తరువాత తగ్గించారు. ఎందుకు తగ్గించారన్నది ముందు చెబుతాను. నా తలనొప్పి మొదలైంది అక్కడే.

2002లో నేను బెంగుళూరులో ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాను. మరుసటి సంవత్సరం నాయన ఆఖరి లారీ అమ్మేశాడు. లారీ పోయినా లారీ ఆయిలు మీద నమ్మకం పోలేదు. పీపా బదులు డబ్బాలు కొనడం మొదలుపెట్టాడు. నేను ఊరికి వచ్చినప్పుడల్లా బానెట్టు ఎత్తి, డిప్ స్టిక్కు తీసి చూసి, తగ్గినంత పోసేవాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఒక డబ్బా డిక్కీలో పెట్టేవాడు. అమ్మ ఊరగాయ జాడీ, నాయన ఆయిలు డబ్బా పక్కపక్కనే బెంగుళూరుకు ప్రయాణం చేసేవి. నేనూ వద్దనలేదు. డబ్బు మిగులుతుంది, పైగా అంబాసిడరు సాక్ష్యం ఉంది.

ఎనిమిదేళ్లు గడిచాయి. కారు ఆయిలు తాగడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్టు చేస్తే సైలెన్సరు నుంచి కాస్త నీలిపొగ. తగ్గినప్పుడల్లా నాయన డబ్బాలోంచి పోసుకుంటూ నడిపాను. 2010లో పొగ పరీక్షకు తీసుకుపోతే కారు తప్పింది. ఆరు నెలలకొకసారి జరిగే పరీక్షే, అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు. కార్బ్యురేటరు ఉన్న కాలంలో అయితే స్క్రూ కాస్త తిప్పి నెగ్గించేవారు. ఈ బండికి ఆ వీలు లేదు. తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అనంతపురం వైపు మనిషి. రెండు గంటలు చూసి, "సార్, మీ కన్వర్టరు పనైపోయింది" అన్నాడు. దాని ఖరీదు విన్నాక నాకు ఆ నెల జీతం కళ్లముందు కరిగిపోయింది.

కన్వర్టరు అంటే ఏమిటో నాకు ఆ రోజు దాకా సరిగా తెలియదు. సైలెన్సరుకు ముందు పొగగొట్టంలో డబ్బా లాంటిది ఒకటి ఉంటుంది. దాని లోపల తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ. ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత. ఇంజను నుంచి వచ్చే విషవాయువులు ఆ పూతను తాకుతూ పోయేటప్పుడు చాలావరకు హాని లేనివిగా మారిపోతాయి. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. అప్పుడే ఆ నగరాల్లో సీసం కలపని పెట్రోలు కూడా వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. సీసం ఆ పూతను చంపేస్తుంది కాబట్టి ముందు సీసాన్ని తీసేయవలసి వచ్చింది.

ఆ పూతకు ఇంకో శత్రువు భాస్వరం. ట్యాపెట్లను కాపాడే ఆ మందులోని భాస్వరమే, ఆయిలు మంటలో పడి పొగతో బయటికి పోయినప్పుడు కన్వర్టరు గదుల మీద గాజుపొరలా పేరుకుంటుంది. పూత దాని కింద కప్పడిపోతుంది. అందుకే పెట్రోలు ఆయిళ్లలో భాస్వరాన్ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ వచ్చారు. 2004 చివర్లో వచ్చిన ప్రమాణం ప్రకారం, పలచని రకాల్లో 0.08 శాతం దాటకూడదు. ఆ రోజుల్లో నేను పోస్తూ వచ్చిన రకం లారీ ఆయిళ్లకు అటువంటి హద్దు లేదు. వాటిలో సాధారణంగా 0.12 శాతం, ఇంకా పైన కూడా ఉండేది.

"అయితే ఇదంతా లారీ ఆయిలు వల్లేనా?" అని అడిగాను మేస్త్రిని.

ఆయన నిజాయితీపరుడు. "అట్ల చెప్పలేను సార్. ఇంజను ఆయిలు తాగకుండా ఉండుంటే ఏ ఆయిలు పోసినా కన్వర్టరుకు చేరేది చాలా తక్కువ. మీ ఇంజను తాగుతోంది. తాగేది లారీ ఆయిలు. రెండూ కలిసినాయి. రెండు మూడేళ్ల ముందే పోయింది అనుకోండి" అన్నాడు.

రింగులు మార్పించాను, కన్వర్టరు మార్పించాను. ఆ రోజు నుంచి కారు పుస్తకంలో రాసిన ఆయిలే పోయించాను. ఇంతవరకు తప్పేమీ లేదు. తప్పు ఆ తరువాత చేశాను. నాయనకు ఈ సంగతి చెప్పలేదు.

ఎట్లా చెప్పేది? లారీలు పోయాక ఆయన దగ్గర మిగిలిన పెత్తనం ఆ డబ్బా ఒక్కటే. ఊరికి వచ్చిన కొడుకు కారు బానెట్టు ఎత్తి, డిప్ స్టిక్కు తుడిచి, వెలుతురులో పట్టుకుని చూసే ఆ అయిదు నిముషాల్లో ఆయన మళ్లీ రెండు లారీల యజమాని. "నీ ఆయిలు వల్ల నా కారు చెడింది నాయనా" అని ఎట్లా అనేది? అనలేక, హోసూరు బయలుదేరే ముందే ఆయిలు నిండా పోయించుకుని వెళ్లేవాణ్ణి. "తగ్గలేదే!" అని ఆయన సంతోషించేవాడు. డిక్కీలో పెట్టిన డబ్బాను బెంగుళూరు తెచ్చి, మా వీధిలో డీజిలు టెంపో నడిపే అతనికి ఇచ్చేసేవాణ్ణి. "పోసినావా?" అని ఫోనులో అడిగితే "పోసినాను నాయనా" అనేవాణ్ణి. ఇది పద్నాలుగేళ్లు సాగింది.

మధ్యలో మా తమ్ముడి బుల్లెట్టు ఒకటి వచ్చి నాయన నమ్మకాన్ని ఇంకా పెంచింది. తమ్ముడి దగ్గర 2011 నాటి బుల్లెట్టు ఉంది. పాత బుల్లెట్లలో ఇంజనుకు వేరే, క్లచ్ ఉన్న పెట్టెకు వేరే, గేరు బాక్సుకు వేరే. కొత్త రకంలో ఇంజను, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిలులో మునిగి ఉంటాయి. పెట్రోలు బండికి పెట్రోలు ఆయిలే కదా అని తమ్ముడు ఒకసారి కార్లకు పోసే ఖరీదైన పలచని ఆయిలు పోశాడు. బండి రయ్యిమని మోగుతుంది గాని ముందుకు సాగదు. క్లచ్ జారిపోతోంది. మైలేజీ పెంచడానికి అటువంటి కారు ఆయిళ్లలో జారుడు గుణం పెంచే మందు కలుపుతారట. ఆయిలులో మునిగే క్లచ్ ప్లేట్లకు అదే చేటు. నాయన ఆ ఆయిలు దింపించి తన డబ్బాలోది పోశాడు. లారీ ఆయిళ్లలో ఆ జారుడు మందు సాధారణంగా ఉండదు. క్లచ్ మళ్లీ పట్టింది. ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? ఇప్పుడు తమ్ముడు మోటారు సైకిళ్లకని జాసో ఎమ్.ఏ. గుర్తు వేసిన ఆయిలే వాడుతున్నాడు. కాని ఇంట్లో చెప్పుకునే కథలో మాత్రం లారీ ఆయిలే గెలిచింది.

నిరుడు ఆయుధ పూజ నాడు వాకిట్లో నిలబడి, ఇవన్నీ నా బుర్రలో తిరిగాయి. అవునంటే ఆ ఆయిలు మా అమ్మాయి కారులోకి పోతుంది. ఆ కారులో టర్బో ఉంది. పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. అటువంటి చిన్న ఇంజన్ల మీద తక్కువ వేగంలో ఎక్కువ బరువు పడ్డప్పుడు, స్పార్కు రాకముందే లోపల ఎక్కడో మంట పుట్టి సుత్తితో కొట్టినట్టు పిస్టను మీద పడే జబ్బు ఒకటి ఉంది. పిస్టను పగిలిపోయే దాకా పోవచ్చు. ఆయిలులో మురికిని కడిగే కాల్షియం మందు ఎక్కువైతే ఆ జబ్బు పెరుగుతుందని తేలింది. లారీ ఆయిలు బలమంతా చాలావరకు ఆ మందే! అందుకే 2020లో వచ్చిన ఎస్.పి. అనే పెట్రోలు ప్రమాణంలో ఈ జబ్బుకు ప్రత్యేక పరీక్ష పెట్టారు. అమ్మాయి కారు పుస్తకం అడిగేది ఆ ఆయిలునే, అదీ పలచనిది, 5డబ్ల్యు-30. ఇరుకైన దారుల్లో వేగంగా పారవలసిన ఆయిలు అది. నాయన డబ్బాలోది 15డబ్ల్యు-40.

తాతను నొప్పించకూడదని అమ్మాయి నోరు మూసుకుంటే కారు చెడుతుంది. నేను మళ్లీ ఒక అబద్ధం చెబితే, ఇక దాన్ని అమ్మాయి కూడా మోయాలి. అది నాకు సమ్మతం కాలేదు.

"నాయనా, 2010 నుంచి నేను నా కారుకు లారీ ఆయిలు పోయడం లేదు" అన్నాను.

జరిగిందంతా చెప్పాను. కన్వర్టరు సంగతి, మేస్త్రి మాట, ముందుగానే ఆయిలు పోయించుకుని రావడం, ఫోనులో అబద్ధాలు. తమ్ముడు తల దించుకున్నాడు. అమ్మ మాత్రం "ఏదో జరగతా ఉందని నాకు తెలుసులే" అంది.

నాయన అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి గాని మాట్లాడలేదు.

"ఆ డబ్బాలన్నీ ఏమి చేసినావు?"

"మా వీధిలో టెంపో అతనికి ఇచ్చినాను."

"డీజిలు టెంపోనా?"

"అవును."

"అయితే వృథా పోలేదులే" అన్నాడు. కాసేపాగి, "నాకు చెప్పింటే నేనేమి అనేవాణ్ణిరా? పీపా ముందు నిలబడి ఒక్కొక్కటీ నేర్చుకున్నవాణ్ణి నేను. లారీ నేర్పింది నీకు చెప్పినాను. నీ కారు నేర్పింది నాకు నువ్వు చెప్పొద్దా? నేర్చుకోవడం మానేసినానని నీకు ఎవరు చెప్పినారు?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్ల మనసు నొప్పించకూడదని మనం కొన్ని సంగతులు దాస్తాము. అది గౌరవమే అనుకుంటాము. కాని ఆయన్ని తెలుసుకోగలిగిన మనిషిగా నేను లెక్కపెట్టలేదని ఆయనకు తోచింది. అదే ఆయనకు నొప్పి. పద్నాలుగేళ్లు నేను కాపాడింది ఆయన మనసును కాదు, నా మొహమాటాన్ని.

తరువాత ఆయన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కారు పుస్తకం చదివించుకున్నాడు. అది ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతుంటే భూతద్దం పెట్టి డబ్బా మీది అక్షరాలు వెతికాడు. ఆయన అడిగిన ప్రశ్నలు ఏ మేస్త్రీ నన్ను అడగలేదు. "ఈ డబ్బా మీద సి.ఐ.-4 అని ఉండాది, పక్కన ఎస్.ఎల్. అని కూడా ఉండాది. అంటే పెట్రోలుకూ పనికివస్తాదనే కదా?" అన్నాడు. సరైన ప్రశ్న. దాని జవాబు పాఠకులకు కూడా పనికివస్తుంది కనుక కొంచెం విపులంగా రాస్తాను.

డబ్బా మీద ఏ.పి.ఐ. అనే గుర్తు పక్కన రెండేసి అక్షరాలుంటాయి. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోలు ఇంజనుకు, సి అయితే డీజిలు ఇంజనుకు. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది. పెట్రోలులో ఎస్.ఎల్. 2001 నాటిది, ఎస్.ఎమ్. 2004 నాటిది, ఎస్.ఎన్. 2010 నాటిది, ఎస్.పి. 2020 నాటిది. డీజిలులో సి.హెచ్.-4 1998 నాటిది, సి.ఐ.-4 2002 నాటిది, సి.కె.-4 2016 చివర్లో వచ్చింది. ఒకే డబ్బా మీద సి, ఎస్ రెండూ ఉంటే, ముందు రాసిన దానికోసమే ముఖ్యంగా ఆ ఆయిలు తయారైందని అర్థం. నాయన డబ్బా ఎస్.ఎల్. దాకా పెట్రోలుకు పనికివస్తుంది. మీ కారు పుస్తకం ఎస్.ఎల్. అడిగి, ఆ చిక్కదనాన్ని కూడా ఒప్పుకుంటే పోయవచ్చు. ఎస్.పి. అడిగే బండికి అది చాలదు. ఇక రెండో గుర్తు చిక్కదనానిది. 15డబ్ల్యు-40 వంటి దానిలో డబ్ల్యు అంటే చలికాలం. మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. రెండో అంకె ఇంజను కాగాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. రెండు గుర్తులూ పుస్తకంతో సరిపోవాలి, ఒకటి సరిపోతే చాలదు.

కన్వర్టరు లేని పాత అంబాసిడరు, పద్మిని వంటి బండ్లు ఇంకా మీ ఇంట్లో ఉంటే, తగిన చిక్కదనం గల మంచి లారీ ఆయిలు వాటికి ఈ రోజుకీ హాని చేయదు, మేలే చేస్తుంది. కాకపోతే ఏళ్ల తరబడి లోపల జిగురు పేరుకున్న ఇంజనులో ఉన్నట్టుండి పోస్తే, ఊడిన మురికి ఆయిలు జల్లెడకు అడ్డం పడవచ్చు. మొదటిసారి త్వరగా దింపేసి మళ్లీ పోయించాలి. ఆయిలు తాగుతున్న, కన్వర్టరు ఉన్న కారుకు ముందు తాగుడు మాన్పించండి, తరువాత ఆయిలు సంగతి చూడండి. వారంటీలో ఉన్న బండికి పుస్తకం చెప్పింది తప్ప వేరేది వద్దు. దారిలో ఆయిలు దీపం వెలిగి, చుట్టుపక్కల లారీ ఆయిలు తప్ప ఏదీ దొరకకపోతే మాత్రం సందేహించకండి. ఒక లీటరు పోసుకుని ఇంటికి చేరి, తరువాత మార్పించండి. ఆయిలు లేకుండా నడపడం కంటే అది వెయ్యి రెట్లు నయం. ఇక పెట్రోలు కారు ఆయిలు డీజిలు లారీకి పోయకూడదన్న మేస్త్రి మాట ఈనాటికీ నిజమే.

మా వాకిట్లో పూజ ఆ రోజు గంట ఆలస్యమైంది. నాయన తన డబ్బా మోసుకుని అంబాసిడరు దగ్గరికి నడిచాడు. "దీనికేమీ అడ్డం లేదు కదా పాపా?" అని మనవరాలిని అడిగాడు. "లేదు తాతా, దీనికి నీ ఆయిలే మేలు" అంది అది, గరాటు పట్టుకుని. పాత ఆయిలు దింపి కొత్తది పోశారు. ఆయన డిప్ స్టిక్కు తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి, వెలుతురులో పట్టుకుని చూసి తలూపాడు. అప్పుడు గుమ్మడికాయ కొట్టాము.

సాయంత్రం ఆయన ఒక అట్టముక్క తెచ్చి అమ్మాయికి ఇచ్చాడు. ఇంట్లోని నాలుగు బండ్లకూ ఏ ఆయిలు, ఎంత చిక్కదనం, ఏ గుర్తు అన్నది తెలుగులో రాయమన్నాడు. బెంగుళూరులో సెలవు రోజుల తరగతుల్లో నేర్చుకున్న తెలుగు అది. కూడబలుక్కుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఒకచోట ఒత్తు తప్పితే అవ్వ దిద్దించింది. ఒకప్పుడు పీపా ఉన్న చోట, షెడ్డు గోడకు ఇప్పుడు ఆ అట్ట వేలాడుతోంది.

ఈ మధ్య ఊరికి వెళ్లినప్పుడు నాయన నా కారు బానెట్టు ఎత్తాడు. డిప్ స్టిక్కు చూశాడు. లోపలికి వెళ్లి డబ్బా తెచ్చాడు. నేను అప్రయత్నంగా డబ్బా మీది అక్షరాల వైపు చూశాను. ఆయన నవ్వాడు.

"చూసే తెచ్చినానులేరా" అన్నాడు.